షట్‌డౌన్ కొట్టగానే వీఎం ఆగిపోదు: విర్ష్‌తో బ్యాకప్ స్క్రిప్ట్

లైనక్స్‌లోని కేవీఎం మీద నాలుగైదు వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడుపుతూ, రాత్రి పూట ఒక్కోదాన్ని ఆపి డిస్క్ ఫైల్ కాపీ చేసి మళ్లీ స్టార్ట్ చేసే పని ఇంకా చేత్తోనే చేస్తున్నారా? బ్యాష్ స్క్రిప్ట్‌కి అప్పగించేయండి, ఓ ముప్పై లైన్లలో అయిపోతుంది.

మొదట వీఎంల లిస్ట్ కావాలి. దానికి విర్ష్, అంటే వీఎంలని కమాండ్లతో నడిపే టూల్, వాడదాం. 'విర్ష్ లిస్ట్' అని మామూలుగా కొడితే హెడింగు, గీత, స్టేటస్ అన్నీ కలిపి వస్తాయి. 'నేమ్' ఆప్షన్ తగిలిస్తే, అప్పుడు నడుస్తున్న వీఎంల పేర్లు మాత్రమే లైనుకి ఒకటి చొప్పున వస్తాయి. చివర్లో ఒక ఖాళీ లైను కూడా ఉంటుంది, లూప్‌లో దాన్ని దాటేయాలి. ఈ లిస్ట్‌ని ముందే ఒక వేరియబుల్‌లో పెట్టుకుంటే, కాపీ అయ్యాక వీటినే స్టార్ట్ చేయొచ్చు. మీరు కావాలని ఆపి ఉంచినవి అనవసరంగా లేవవు.

అసలు చిక్కు ఇక్కడుంది. 'విర్ష్ షట్‌డౌన్' వీఎంని ఆపదు, ఆగమని లోపలి ఓఎస్‌కి చెప్పి వెంటనే తిరిగొచ్చేస్తుంది, ఓఎస్ ఆ మాట వినకపోవచ్చు కూడా. ఇది తెలియక నేను మొదటి స్క్రిప్ట్‌లో షట్‌డౌన్ కిందే కాపీ లైను రాశాను. కొన్నాళ్లకి ఆ కాపీ అవసరపడి తెరిస్తే డేటాబేస్ ఫైళ్లు పాడైపోయి ఉన్నాయి. అందుకే మధ్యలో ఒక లూప్ తప్పనిసరి: 5 సెకన్లకోసారి 'విర్ష్ డొమ్‌స్టేట్'తో వీఎం స్థితి అడగండి, 'షట్ ఆఫ్' అని జవాబొచ్చాకే ముందుకెళ్లండి. జవాబు వేరే భాషలో వస్తే పోలిక తప్పుతుంది కాబట్టి స్క్రిప్ట్ మొదట్లోనే భాషని నిర్ణయించే ఎల్‌సీ_ఆల్ వేరియబుల్‌ని సీ అని పెట్టండి.

180 సెకన్లైనా ఆగకపోతే? చాలామంది అక్కడ 'డిస్ట్రాయ్' పెడతారు. పేరు చూసి భయపడతాం గానీ అది డిస్క్‌ని చెరిపేయదు, కరెంటు ప్లగ్ పీకినట్టు చేస్తుంది. బ్యాకప్ కోసం అంత పని వద్దని నా అభిప్రాయం, ఆ వీఎంని వదిలేసి లాగ్‌లో ఒక లైను రాయండి చాలు.

చేత్తో నడిపితే బాగానే ఉండి, క్రాన్‌లో (టైముకి స్క్రిప్ట్‌ని తనే నడిపే షెడ్యూలర్) పెట్టగానే ఒక్క వీఎం కూడా కనపడకపోతే టెన్షన్ పడకండి. రూట్ (అడ్మిన్) కాకుండా మామూలు యూజర్‌గా నడిస్తే విర్ష్ సాధారణంగా ఆ యూజర్ సెషన్‌కే కనెక్ట్ అవుతుంది, అక్కడ లిస్ట్ ఖాళీ. కనెక్ట్ ఆప్షన్‌తో సిస్టమ్ అడ్రస్ (qemu:///system) స్పష్టంగా ఇచ్చేయండి. నిన్నటి రన్ ముగియకుండా ఇవాళ్టిది మొదలవకుండా 'ఎఫ్‌లాక్' అనే లాక్ కమాండ్ కూడా పెట్టుకోండి.

మొదటి రోజు వేచి ఉండే లూప్‌ని తాత్కాలికంగా పక్కన పెట్టి, షట్‌డౌన్, కాపీ, స్టార్ట్ లైన్ల ముందు 'ఎకో' పెట్టి ఏం చేయబోతోందో చదవండి, తర్వాత ఒక టెస్ట్ వీఎం మీద నడపండి. తీసిన కాపీని వేరే పేరుతో బూట్ చేసి చూడండి, నెట్‌వర్క్ మాత్రం తీసేసి, లేకపోతే ఒకే ఐపీతో రెండు మెషీన్లు కొట్టుకుంటాయి.