'మేక్ అవుట్' ఎక్కడ, ఎలా వాడాలి?

ఇంగ్లీషులో అర్థం చేసుకోవడానికి 'అండర్‌స్టాండ్' ఒక్కటే వాడుతూ పోతే పని జరుగుతుంది గానీ, చాలా చోట్ల అది అతకదు. చెవిన సరిగా పడని మాట, చీకట్లో లీలగా కనిపించే ఆకారం, కూడబలుక్కుని చదవాల్సిన చేతిరాత... వీటికి 'మేక్ అవుట్' కావాలి.

ముందు సందర్భం చూసుకోండి. కన్నో చెవో కష్టపడితే తప్ప పోల్చుకోలేనప్పుడే ఈ క్రియ నప్పుతుంది. ఎదురుగా పట్టపగలు నిలబడ్డ మనిషిని 'మేక్ అవుట్' చేశాననడం విడ్డూరం.

తర్వాత 'కెన్' లేదా 'కుడ్' జోడించండి. ఈ అర్థంలో అవి దాదాపు ఎప్పుడూ వెంట ఉంటాయి, అదీ ఎక్కువగా వ్యతిరేకార్థంలో. 'ఐ కాంట్ మేక్ అవుట్ హిజ్ హ్యాండ్‌రైటింగ్' అంటే అతని రాత నాకు అంతుపట్టడం లేదని.

తప్పులన్నీ దొర్లేది పదాల వరుసలోనే. నామవాచకాన్ని 'అవుట్' తర్వాతైనా, ముందైనా పెట్టవచ్చు. 'ఇట్', 'హర్', 'దెమ్' లాంటి సర్వనామాలకు ఆ వెసులుబాటు లేదు, మధ్యలోనే రావాలి. 'మేక్ ఇట్ అవుట్' సరైనది, 'మేక్ అవుట్ ఇట్' తప్పు. 'వాట్', 'వై'లతో మొదలయ్యే ఉపవాక్యమైతే చివరికే వెళ్తుంది: 'ఐ కుడ్‌న్ట్ మేక్ అవుట్ వాట్ షి సెడ్'.

'ఫిగర్ అవుట్'తో కలగలపకండి. అది బుర్రకు పని పెట్టే మాట. లెక్కకు జవాబు, యంత్రంలో లోపం ఆలోచించి పట్టుకుంటే 'ఫిగర్ అవుట్'. అయితే మనుషుల విషయంలో 'మేక్ అవుట్' కూడా లోపలి దాకా వెళ్తుంది. 'ఐ కాంట్ మేక్ హర్ అవుట్' అంటే ఆమె కనిపించడం లేదని కాదు, ఆమె తీరు బోధపడటం లేదని.

చెక్కు రాయడానికీ, లేనిది ఉన్నట్టు నమ్మబలకడానికీ కూడా ఇదే క్రియ వాడతారు. ఇబ్బంది పెట్టేది మాత్రం అమెరికా వాడుక. అక్కడ దీనికి ముద్దుముచ్చట్లలో మునిగిపోవడమనే అర్థమూ ఉంది. ఆ అర్థంలో కర్మ ఉండదు, ఎవరితోనో చెప్పాలంటే 'విత్' వస్తుంది. కాబట్టి దేన్ని పోల్చుకున్నారో ఆ కర్మను వాక్యంలోంచి ఎప్పుడూ వదిలేయకండి.