కథలో సంభాషణ: ముందు పిలుపు తేల్చుకోండి

తెలుగులో ఇద్దరు మాట్లాడుకుంటుంటే, విషయం ఇంకా తెలియక ముందే వారి మధ్య ఉన్న సంబంధం తెలిసిపోతుంది. "రా", "రండి", "రారా", "రావే", "రామ్మా" అన్న మాటలన్నీ మనిషిని లోపలికి పిలిచేవే అయినా, ఒక్కొక్కటి ఒక్కొక్క వయసునూ చనువునూ అధికారాన్నీ వెంటబెట్టుకుని వస్తుంది. అందువల్ల సంభాషణ రాయబోయే ముందు, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో, ఆ పిలుపు కథలో ఏ చోట మారుతుందో ఒక కాగితం మీద రాసుకోవడం అవసరం.

ఒక సన్నివేశం తీసుకుందాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ ఉంది. కింది వాటాలో ఇంటి యజమానురాలు, పై వాటాలో గుంటూరు నుంచి వచ్చిన దంపతులు ఉంటున్నారు. భర్తకు ఉద్యోగం పోయింది. రెండు నెలల అద్దె బాకీ పడింది. కొత్తగా రాసేవారు సాధారణంగా ఇలా రాస్తారు:

"మీ ఆయన ఉద్యోగం పోయిందని నాకు తెలుసు, కానీ మీరు రెండు నెలలుగా అద్దె కట్టలేదు," అంది ఆమె కోపంగా.

"మాకు చాలా ఇబ్బందిగా ఉందండీ, వచ్చే నెల తప్పకుండా కడతాం," అంది సునీత దీనంగా.

ఇందులో సమాచారం అంతా ఉంది, మనుషులు మాత్రం లేరు. ఇద్దరికీ తెలిసిన సంగతిని పాఠకుడి కోసం ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు. అదే సన్నివేశాన్ని ఇలా రాసి చూడండి:

"ఏం సునీతా, నీళ్లు మంచిగ ఎక్కుతున్నయా పైకి?"

"ఎక్కుతున్నాయాంటీ."

"సారు ఇయ్యాల గూడ ఇంట్లనే ఉన్నరు?"

"ఒంట్లో బాగోలేదు."

"మొన్న గూడ గదే అన్నవ్." ఆమె మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయల పీచు తీయసాగింది. "పై పోర్షన్ ఖాళీ ఉన్నదా అని ఎవరో అడుగుతున్నరు. నేనేం చెప్పలే."

సునీత కింది మెట్టు మీద కూర్చుని, ఒక గుప్పెడు కాయలు తన ఒడిలోకి తీసుకుంది.

అద్దె అన్న మాట ఎక్కడా రాలేదు, కోపమూ దీనత్వమూ పేరు పెట్టి చెప్పలేదు. అయినా బెదిరింపు ఉంది, బెదిరించినందుకు ఆమెలో కొంత మొహమాటమూ ఉంది. సునీత జవాబు మాటల్లో కాక చేతుల్లో ఉంది. మూడో నెల కూడా గడిచాక అదే యజమానురాలు "సునీతగారూ, మీతోని జర మాట్లాడాలె" అని మొదలుపెడితే, పాఠకుడికి గుండె జారుతుంది. తెలుగులో మర్యాద పెరగడం ఒక్కోసారి తలుపు మూయడమే. ఇన్నాళ్లూ "నువ్వు" అన్న నోరు "మీరు" అన్న చోట కథ మలుపు తిరుగుతుంది కనుక, ఆ చోటును అనాలోచితంగా వాడేసుకోకూడదు.

యాస గురించి ఒక మాట. యాసను ఆటో డ్రైవరుకూ పనిమనిషికీ మాత్రమే అంటగట్టి, నాయికానాయకుల చేత పత్రికల భాష మాట్లాడించడం సోమరితనమే కాదు, చిన్నచూపు కూడా అని నా అభిప్రాయం. హైదరాబాదులో డాక్టరూ తెలంగాణ తెలుగే మాట్లాడవచ్చు, ఇంటికి వచ్చిన ప్లంబరు గోదావరి జిల్లా మనిషి కావచ్చు. అయితే ప్రతి అక్షరాన్నీ యాసలో ముంచితే చదవడం కష్టమవుతుంది. క్రియల చివరలూ, రెండు మూడు నిత్యం దొర్లే మాటలూ సరిగ్గా పడితే చాలు. ఆ కొద్దిపాటి పనిలోనూ నేను ఒకసారి పప్పులో కాలేశాను. నా కథలోని నల్లగొండ రైతు ఒక పేజీలో "పోతుండు" అని, తరువాతి పేజీలో "పోతాండు" అని అన్నాడు. ఆ రెండోది వరంగల్, కరీంనగర్ వైపు పలుకుబడి అని, మా రైతు రాత్రికి రాత్రే జిల్లా మారాడని ఒక పెద్దాయన నవ్వుతూ చెప్పారు. అప్పటి నుంచి, నేను చెవులారా వినని ఊరి యాసను పాత్ర నోట పెట్టడం మానుకున్నాను.

వాక్య నిర్మాణం మీద కూడా కన్నుండాలి. రాతలో క్రియ చివర కూర్చుంటుంది. మాటలో మనిషి ముందు క్రియ అనేసి, మిగిలినది తరువాత గుర్తు తెచ్చుకుంటాడు. "నా పర్సు బస్సులో పోయింది" అన్నది ఫిర్యాదు పత్రం. "పోయిందిరా, పర్సు, బస్సులోనే" అన్నది కోఠిలో దిగి జేబు తడుముకున్న మనిషి గొంతు. అలాగే "అన్నాడు", "అంది" అన్నవి పాఠకుడి కంటికి ఆనవు కనుక వాటినే వాడవచ్చు. "గర్జించాడు", "వాపోయింది" వంటివి మాట చేయవలసిన పనిని లాక్కుంటాయి. నిజానికి "వస్తావటే" అన్న ఒక్క మాటలోనే వింటున్నది ఆడమనిషి అనీ, ఇద్దరి మధ్యా చనువుందనీ తెలిసిపోతుంది కాబట్టి, చాలా చోట్ల ఆ "అంది" కూడా అక్కరలేదు.

చెవికి సాధన కావాలంటే మెట్రోలో అమీర్‌పేట దాకా ప్రయాణించి, పక్కవారి ఫోను మాటలు వినండి. మీకు వినబడేది సగమే. ఇంటికి వచ్చి ఆ రెండో సగాన్ని రాయండి. అవతలి మనిషి ఎవరో, ఎందుకు అంతసేపు మాట్లాడనిచ్చారో అక్కడే తేలుతుంది.

ఇక తిరగరాయడం. గురజాడ 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. మనం ఒక పేజీని నాలుగుసార్లు రాయడానికి విసుక్కోనక్కరలేదు. రాసినది మీరే బయటికి చదువుకుంటే తప్పులు దొరకవు, ఎందుకంటే మీ గొంతు వాటిని సర్దేస్తుంది. ఇంట్లో ఎవరి చేతనైనా చదివించి, మీరు కాగితం చూస్తూ వినండి. మీరు "చేయుచున్నావా" అనో "వెళ్లవలసి ఉన్నది" అనో రాసిన చోట వారు తమకు తెలియకుండానే "చేస్తున్నావా" అనో "వెళ్లాలి" అనో పలుకుతారు. అప్పుడు వారిని ఆపి సరిదిద్దకండి. పెన్సిలు తీసుకుని మీ వాక్యాన్ని దిద్దుకోండి.