ఈమాక్స్‌లో టెర్మినల్: ముందు ఏ కీ ఎవరిదో తేల్చుకోండి

విశాఖ హార్బరు దగ్గర కంటైనర్ల రాకపోకల లెక్కలు చూసే ఒక చిన్న ఆఫీసులో సర్వర్ల బాధ్యత నాది. పొద్దున తెరిచిన ఈమాక్స్ అనే ఎడిటర్‌ను ఇంటికి వెళ్లేదాకా మూయను. షెల్, అంటే టైపు చేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రాము, అది కూడా దానిలోపలే, వీటర్మ్ అనే టెర్మినల్ ప్యాకేజీలో నడుస్తుంది. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఇదే పాఠం చెప్పి చెప్పి విసుగొచ్చి రాసి పెడుతున్నాను. సెట్టింగుల పేర్లు ఇక్కడ పలికినట్టే రాశాను. మీ ఫైలులో ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోండి.

ఎడిటర్‌లో టెర్మినల్ అంటే ఒకే కీబోర్డుకు ఇద్దరు యజమానులు. కంట్రోల్-ఆర్ ఈమాక్స్‌కు వెనక్కి వెతుకులాట, బ్యాష్ అనే షెల్‌కు పాత కమాండ్ల వెతుకులాట. ఏదైనా కీ పనిచేయకపోతే అందరూ ముందు బ్యాష్ సెట్టింగులు తిరగేస్తారు. తీరా చూస్తే ఆ కీ బ్యాష్ గడప తొక్కనే తొక్కదు.

ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పనేమీ కాదు. వీటర్మ్‌ను కంపైల్ చేయడానికి సీమేక్, లిబ్‌టూల్ అనే పనిముట్లు ఉండాలి. ఉబుంటులో లిబ్‌టూల్-బిన్ అనే ప్యాకేజీ వేసుకోండి. మీ ఈమాక్స్‌లో మాడ్యూల్-ఫైల్-సఫిక్స్ అనే వేరియబుల్ ఖాళీగా ఉంటే వీటర్మ్ నడవదు, మాడ్యూళ్లు ఉన్న ఈమాక్స్ తెచ్చుకోవాలి. మొదటిసారి తెరిచినప్పుడు కంపైల్ చేయమంటారా అని అడుగుతుంది, సరే అనండి. ఈమాక్స్‌తో పాటే వచ్చే షెల్ కమాండు ఉండగా ఇదెందుకంటారా? అది టెర్మినల్ కాదు. అందులో తెర మొత్తాన్నీ మారుస్తూ ఉండే టాప్ అనే ప్రోగ్రామును నడిపి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇక అసలు విషయం. కీ ఎవరికి వెళుతోందో కనుక్కోవడానికి నేను రెండు పరీక్షలు చేస్తాను. మొదటిది ఈమాక్స్ వైపు: కంట్రోల్-హెచ్, తర్వాత కె, తర్వాత అనుమానమున్న కీ. జవాబులో వీటర్మ్-సెల్ఫ్-ఇన్‌సర్ట్ అని (ఆల్ట్ కీలకు చివర మెటా అని చేరుతుంది) లేదా వీటర్మ్-సెండ్-ట్యాబ్ వంటి పేరు వస్తే కీ షెల్‌కు పోతున్నట్టే, వేరే తరహా పేరు వస్తే ఈమాక్స్ తీసేసుకుంటున్నట్టు. రెండోది షెల్ వైపు: ప్రాంప్టు దగ్గర కంట్రోల్-వి నొక్కి, వెంటనే ఆ కీ నొక్కండి. షెల్‌కు అందినది అందినట్టు తెర మీద కనిపిస్తుంది. ఆల్ట్-డి అయితే టోపీ గుర్తు, ఎడమ చదరపు బ్రాకెట్టు, దాని పక్కన డి. ఈ రెండూ చూడకుండా ఎవరైనా నా దగ్గరకు వస్తే వెనక్కి పంపించేస్తాను.

ఏ కీలు ఈమాక్స్ తన దగ్గరే ఉంచుకుంటుందో వీటర్మ్-కీమ్యాప్-ఎక్సెప్షన్స్ అనే జాబితాలో ఉంటుంది. కంట్రోల్-సి, కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-యు, కంట్రోల్-జి, కంట్రోల్-హెచ్, ఆల్ట్-ఎక్స్ వంటివి అందులో ముందే ఉంటాయి. నడుస్తున్న ప్రోగ్రామును ఆపాలంటే కంట్రోల్-సి రెండుసార్లు నొక్కాలి, వేళ్లకు తొందరగానే అలవాటవుతుంది. నాకు మాత్రం కంట్రోల్-యు షెల్‌కే కావాలి, తప్పుగా టైపు చేసిన పొడవాటి కమాండును ఒక్క దెబ్బతో తుడిచేయడానికి. అందుకని దాన్ని జాబితాలోంచి తీసేశాను. ఇక్కడొక మెలిక ఉంది. ప్యాకేజీ లోడయ్యాక సెట్‌క్యూ అనే ఆదేశంతో జాబితా మారిస్తే ఏమీ జరగదు. లోడయ్యే ముందే మార్చాలి, లేదా ఈమాక్స్ సెట్టింగుల తెర అయిన కస్టమైజ్ ద్వారా మార్చాలి. అప్పుడే కీల పట్టిక మళ్లీ తయారవుతుంది.

నానో అనే ఎడిటర్ నుంచి బయటపడటానికి కంట్రోల్-ఎక్స్ కావాలి, అది ఈమాక్స్ వదలదు. వీటర్మ్-సెండ్-నెక్స్ట్-కీ అనే కమాండును వీటర్మ్ కీమ్యాప్‌లో (కీల పట్టికలో) కంట్రోల్-క్యూకు కట్టుకోండి. ఆ తర్వాత నొక్కే ఒక్క కీ నేరుగా షెల్‌కు పోతుంది.

కంట్రోల్ కీ గురించి మా ఊరివాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఉండేవాళ్ల ఇళ్లలో ఉప్పుగాలికి కిటికీ చువ్వలే నిలవవు, కీబోర్డు ఎంత? అన్నిటికంటే ఎక్కువ దెబ్బలు తినేది ఎడమ కంట్రోల్. ఉబుంటులో గ్నోమ్ ట్వీక్స్ అనే ప్రోగ్రాములో కీబోర్డు కింద క్యాప్స్ లాక్‌ను కూడా కంట్రోల్‌గా మార్చుకోండి. చిటికెనవేలికీ సుఖం.

సిస్టమ్‌లో తెలుగు లేఅవుట్ పెట్టుకుని, ఇంగ్లీషుకు మార్చడం మరిచిపోతే కంట్రోల్-సి కాస్తా కంట్రోల్‌తో పాటు ఒక తెలుగక్షరంగా మారి, అలాంటి కీ లేదంటుంది ఈమాక్స్. లోపల తెలుగు రాసేవాళ్లు ఈమాక్స్ సొంత తెలుగు-ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి వాడితే ఈ గొడవ ఉండదు, కంట్రోల్ కీలు ఎప్పటిలాగే ఉంటాయి.

ఇప్పుడు షెల్. బ్యాష్ బదులు ఫిష్ అనే షెల్ ఇష్టమైనవాళ్లు షెల్-ఫైల్-నేమ్ అనే సెట్టింగు జోలికి వెళ్లకండి. గ్రెప్, కంపైల్ వంటివన్నీ ఈమాక్స్ దానితోనే నడుపుతుంది, వాటికి బ్యాష్ తరహా వాక్యనిర్మాణం కావాలి. వీటర్మ్-షెల్ ఒక్కటే మార్చండి.

బ్యాష్ వాడేవాళ్లు హోమ్ ఫోల్డరులోని బ్యాష్ఆర్‌సీ ఫైలులో ఒక షరతు రాయాలి. ఇన్‌సైడ్_ఈమాక్స్ విలువ వీటర్మ్ అయితేనే, ఈమాక్స్_వీటర్మ్_పాత్ చూపే చోట ఈటీసీ ఫోల్డరులో ఉన్న ఈమాక్స్-వీటర్మ్-బ్యాష్ స్క్రిప్టును సోర్స్ చేయమని, అంటే అక్కడికక్కడే చదివి నడపమని. దీంతో షెల్‌లో మీరు ఏ ఫోల్డరుకు మారితే ఈమాక్స్ కూడా అక్కడికే వస్తుంది. కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-ఎఫ్ కొడితే ఆ ఫోల్డరులోని ఫైళ్లే ఎదురుగా ఉంటాయి. ఈ షరతు ఫైలు చివరనే ఉండాలి. ఆ స్క్రిప్టు, ప్రాంప్టు రూపాన్ని నిర్ణయించే పీఎస్1 అనే వేరియబుల్ తోకకు కంటికి కనిపించని సంకేతమొకటి తగిలిస్తుంది. ఆ తర్వాత ఇంకెక్కడైనా పీఎస్1ను కొత్తగా రాస్తే ఆ తోక తెగిపోతుంది. ఉబుంటు ఇచ్చే బ్యాష్ఆర్‌సీ మధ్యలో పీఎస్1 ఉంటుంది కాబట్టి పైన అతికిస్తే పని జరగదు.

సర్వర్ల లాగులు (జరిగినవన్నీ నమోదయ్యే చిట్టాలు) చదివేటప్పుడు కంట్రోల్-సి కంట్రోల్-టి నొక్కితే కాపీ మోడు వస్తుంది. అందులో ఉన్నంతసేపూ మామూలు ఈమాక్స్ కీలతో తిరగవచ్చు, వెతకవచ్చు. కావలసిన భాగం ఎంచుకుని ఎంటర్ కొడితే కాపీ అయి, టెర్మినల్ తిరిగి వస్తుంది. వెనక్కి దాచుకునే వరుసలు మామూలుగా 1000 మాత్రమే. ఓడ వచ్చిన రాత్రి మా లాగులకు అది ఏ మూలకూ చాలదు. వీటర్మ్-మ్యాక్స్-స్క్రోల్‌బ్యాక్‌ను నేను 20000కు పెంచుకున్నాను. 100000 దాటి పెంచడానికి వీల్లేదు.

ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే వేరే యంత్రంలోకి లాగినయ్యే కమాండుతో, సర్వరులోకి వెళ్లాక ఫోల్డరు జాడ పోతుంది. మన వేరియబుల్స్ అక్కడికి రావు, ఆ స్క్రిప్టూ అక్కడ ఉండదు. దాన్ని సర్వరుకు కాపీ చేసి, అక్కడి బ్యాష్ఆర్‌సీ చివర షరతేమీ లేకుండా సోర్స్ చేయండి. అది ఈమాక్స్‌కు పంపేది వాడుకరి పేరు, హోస్ట్‌నేమ్ (యంత్రం పేరు), ఫోల్డరు. సర్వరు తన హోస్ట్‌నేమ్ చెప్పుకున్న పేరుతోనే, ఈమాక్స్‌లో వేరే యంత్రాల ఫైళ్లు తెరిచే ట్రాంప్ మళ్లీ కనెక్ట్ కావాలని చూస్తుంది, ఆ పేరు మీ ల్యాప్‌టాప్‌కు తెలియకపోతే ఫైలు తెరుచుకోదు. మీ ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైలులో అదే పేరుతో ఒక హోస్ట్ ఎంట్రీ వేసి, కింద అసలు ఐపీ అడ్రసు ఇవ్వండి.