స్పానిష్‌లో నోరు విప్పే ముందు జాగ్రత్తలు

☐ వెళ్ళేది ఎక్కడికి? థాంక్యూకి మెక్సికోలో ‘గ్రాసియాస్’. మాడ్రిడ్‌లో ఆ ‘సి’ని నాలుక పళ్ళ మధ్య పెట్టి పలుకుతారు.

☐ ట, డ వద్దు; త, ద చాలు. ‘టాకో’ కాదు, ‘తాకో’. ఇంగ్లిష్ వాళ్ళకంటే మనకే ఇది తేలిక.

☐ హెచ్ పలకదు. హలో అంటే ‘ఓలా’.

☐ ‘పెరో’ అంటే బట్. నాలుక అదరగొట్టి ‘పెర్రో’ అంటే డాగ్.

☐ వయసు చెప్పేటప్పుడు మరీ జాగ్రత్త. ‘ఆన్యో’ అంటే ఇయర్. ‘న్య’ జారి ‘ఆనో’ అయితే మలద్వారం! మెసేజ్‌లోనూ ఇదే ప్రమాదం: ఎన్ మీద అలగీత మర్చిపోతే అర్థం మారుతుంది. ఫోన్‌లో స్పానిష్ కీబోర్డు ముందే పెట్టుకోండి.

☐ ‘ఎంబరసాదా’ అంటే ఎంబరాస్డ్ కాదు, ప్రెగ్నెంట్.

☐ ఉక్కపోస్తే ‘తెంగో కలోర్’ అనండి. ‘ఎస్తోయ్ కాలియెంతే’ అంటే కామంతో ఉన్నానని వినబడుతుంది.