అలవాట్ల యాప్ పనిచేయడం లేదా? తీసేసే ముందు ఇవి చూడండి

నడక, నిద్ర, ధ్యానం కోసం యాప్ పెట్టుకుని రెండు వారాలకే వదిలేసినవాళ్లు సాధారణంగా తమనే తిట్టుకుంటారు, "నాకు పట్టుదల లేదు" అని. చాలాసార్లు లోపం మనిషిలో ఉండదు. యాప్‌ను పెట్టుకున్న తీరులో ఉంటుంది.

సమస్య: రిమైండర్ రావడం లేదు, వచ్చినా బాగా ఆలస్యంగా వస్తోంది

ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం, తక్కువగా తెరిచే యాప్‌లను వెనకాల ఆపేస్తాయి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు అనుమతి కూడా విడిగా అడుగుతుంది. తొందరలో వద్దని నొక్కి ఉంటారు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీ తెరిచి నోటిఫికేషన్లు ఆన్ చేయండి, బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' ఎంచుకోండి. ఐఫోన్‌లో అయితే నోటిఫికేషన్లను ఆపి ఉంచే ఫోకస్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి.

సమస్య: రిమైండర్ వస్తోంది, కానీ పక్కకు నెట్టేస్తున్నాను

అది మీరు చేయలేని సమయంలో మోగుతోంది. గడియారానికి కాకుండా, రోజూ ఎలాగూ చేసే పనికి ముడిపెట్టండి: "పళ్లు తోముకోగానే ఐదు నిమిషాలు ఒళ్లు సాగదీస్తాను." ఒక్క అలవాటుతో మొదలుపెట్టండి. మిగతా రిమైండర్లన్నీ ఆపేయండి.

సమస్య: 'స్ట్రీక్' (వరుసగా చేసిన రోజుల లెక్క) తెగింది, మళ్లీ తెరవబుద్ధి కావడం లేదు

అన్నిటికన్నా ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడేనని నాకనిపిస్తుంది. 40 రోజుల లెక్క ఒక్క రాత్రిలో సున్నా అయితే, చేసిన 40 రోజులూ వృథా అయినట్టు ఉంటుంది. నిజానికి ఏదీ పోలేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. అలవాటు యాంత్రికంగా మారడానికి పట్టే కాలం మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని, మధ్యస్థంగా 66 రోజులని అంచనా వేశారు. ఒక రోజు తప్పినంత మాత్రాన చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 21 రోజుల్లో అలవాటైపోతుందని అందరూ చెప్పే లెక్కను నమ్మి 22వ రోజున నిరాశపడకండి.

కుదిరితే స్ట్రీక్ కనిపించకుండా చేసి, 'రోజూ' బదులు 'వారానికి 5 సార్లు' అని పెట్టుకోండి. ఆ వీలు లేని యాప్ అయితే మార్చేయండి, మొహమాటం అక్కర్లేదు. అలసిన రోజు కోసం అరగంట నడకకు బదులు రెండు నిమిషాల నడకను కూడా లెక్కలోకి తీసుకోండి.

సమస్య: స్మార్ట్‌వాచ్ 'స్ట్రెస్ ఎక్కువ' అంటోంది, అది చూసి టెన్షన్ పెరుగుతోంది

వాచ్‌కు మీ మనసు తెలియదు. గుండె కొట్టుకునే వేగం, ఒక్కో స్పందనకూ మధ్య వ్యవధిలో వచ్చే తేడాలను బట్టి అది అంచనా వేస్తుంది. కాఫీ తాగినా, మెట్లెక్కినా, జ్వరం వచ్చినా, నిద్ర చాలకపోయినా అంకె మారిపోతుంది. పట్టీ వదులైతే కొలతే తప్పొస్తుంది. కాబట్టి ఆ అలర్టు ఆపేసి, వారానికోసారి గ్రాఫ్ మాత్రం చూడండి.

నిద్ర స్కోరు సంగతీ ఇంతే. మంచి స్కోరు కోసం ఆరాటపడి నిద్ర పాడుచేసుకోవడానికి 2017లో వైద్య పరిశోధకులు 'ఆర్థోసోమ్నియా' అని పేరు పెట్టారు. లేవగానే స్కోరు చూడకండి. ముందు ఒళ్లు ఎలా ఉందో మిమ్మల్ని మీరే అడగండి.

సమస్య: ధ్యానం కోసం ఫోన్ తీసి, వీడియోల్లో పడిపోతున్నాను

ఫోన్ పక్క గదిలో పెట్టండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ శ్వాస లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. నిమిషానికి సుమారు ఆరు శ్వాసలు, ఐదు నిమిషాలు. దీనికి యాప్ అవసరం లేదు.

సమస్య: అన్నీ సరిచేశాను, అయినా వారాల తరబడి నిద్ర లేదు, దేనిమీదా ఆసక్తి లేదు

ఇది సెట్టింగులతో తీరేది కాదు. డాక్టర్‌ను కలవండి, ఆ గ్రాఫులూ చూపించండి. ఛాతీలో నొప్పి వస్తే దాన్ని టెన్షన్ అని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగకండి. ఆ క్షణమే దగ్గరివాళ్లను లేపండి, అత్యవసర సహాయానికి ఫోన్ చేయండి.