పాయింట్ టూ టూకి మజిల్ బ్రేక్ కొనే ముందు

పాయింట్ టూ టూ (0.22 అంగుళాల తూటా) రైఫిల్‌కి మజిల్ బ్రేక్, అంటే బ్యారెల్ చివర బిగించి గ్యాసును పక్కలకి మళ్లించి కుదుపు తగ్గించే ముక్క, కొందామనుకుంటే ముందు రూల్ బుక్ తిరగేయండి. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో బ్రేకూ, తుపాకీ మూతి పైకి లేవకుండా ఆపే కాంపెన్సేటరూ రెండూ నిషేధమే. బ్యారెల్‌ని పొడిగించే, రంధ్రాలు లేని ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ మాత్రం పెట్టుకోవచ్చు. ఎక్విప్‌మెంట్ చెక్‌లో ఆపేస్తే డబ్బు దండగ, పైగా ఆ రోజంతా టెన్షన్.

బ్రేకు ఒప్పుకునే, స్టీల్ ప్లేట్లని గురిచూసి కొట్టే పోటీలకైతే సరే. కానీ ఈ చిన్న తూటాలో మందు చిటికెడే, వచ్చే గ్యాసూ తక్కువే. పెద్ద తుపాకుల కోసం చేసిన ఉక్కు బ్రేకు దీనికి తగిలిస్తే లాభం ఏమీ ఉండదు, రైఫిల్ ముందు వైపు బరువే మిగులుతుంది. తేలికపాటి అల్యూమినియంది చాలు. అసలు చూడాల్సింది బ్రేకు లోపలి కన్నం. అది తూటా కంటే కాస్త వెడల్పుగా, బ్యారెల్‌తో ఒకే గీతలో ఉండాలి. మెత్తటి సీసం తూటా అంచుకు రాసుకుందా, గురి గోవిందా! బ్రేకు బిగించే త్రెడ్ (మర) చాలావాటికి అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 చుట్లు. అయినా ఆర్మరర్‌తో, అంటే తుపాకులు బాగుచేసే మెకానిక్‌తో, కొలిపించుకోండి.

అమలాపురం, నరసాపురం వైపు వాళ్లకి ఇంకో మాట. ఉప్పుగాలికి అల్యూమినియం, ఉక్కు కలిసిన చోట త్రెడ్ పట్టేస్తుంది. బ్రేకు లోపల తూటా సీసం, దానికి పూసిన మైనం కలిసి నల్లగా పెచ్చు కడుతుంది. అప్పుడప్పుడూ విప్పి తుడిచి, త్రెడ్‌కి చుక్క నూనె రాసి బిగించండి. తుపాకీ ఖాళీగా ఉందని చూసుకున్నాకే సుమా!