ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్‌ను, పైపులను ఎలా కడగాలి?

గేర్‌బాక్స్ బాగుచేయించాక కూలర్ సంగతి పట్టించుకోకపోతే పెట్టిన ఖర్చంతా వృథా అవ్వొచ్చు. అరిగిన క్లచ్ ప్లేట్ల పొడి, ఇనుప రజను పాత ఆయిల్‌తో వెళ్లి కూలర్‌లో పేరుకుంటాయి. ఇంజిన్ స్టార్ట్ చేయగానే అవన్నీ తిరుగు పైపులోంచి కొత్తగా బిగించిన గేర్‌బాక్స్‌లోకే వస్తాయి.

ముందు పాత ఆయిల్ రెండు చుక్కలు తెల్ల కాగితం మీద వేసి చూడండి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే కూలెంట్ కలిసినట్టే. రేడియేటర్‌లోనే ఉండే కూలర్ చిల్లుపడితే ఇలా అవుతుంది. అప్పుడు కడిగి లాభం లేదు, మార్చాల్సిందే.

ఇంజిన్ చల్లారాక బండిని స్టాండ్ల మీద నిలపండి. జాకీని నమ్మి కిందికి దూరకండి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఏది వెళ్లే పైపో, ఏది తిరిగొచ్చే పైపో టేపుతో గుర్తుపెట్టుకోండి. విప్పేటప్పుడు రెండు స్పానర్లు వాడాలి. ఒకదాంతో రేడియేటర్ వైపు నట్టును కదలకుండా పట్టుకోకపోతే పైపు మెలిపడుతుంది.

ఇక కడగడం. కూలర్ ఫ్లష్ ద్రావకాన్ని తిరుగు పైపులోంచి, అంటే ఆయిల్ పారే దిశకు ఎదురుగా ఎక్కించండి. చెత్త ఎక్కువగా కూలర్ మొదట్లోనే ఇరుక్కుంటుంది. ఆయిల్ పారే దిశలో తోస్తే ఇంకా లోపలికి దిగుతుంది. కాసేపు నాననిచ్చి మళ్లీ కొట్టండి, తర్వాత అసలు దిశలోనూ కొట్టండి. బయటికొచ్చేదాన్ని తెల్ల గుడ్డలోంచి డబ్బాలోకి పట్టండి. గుడ్డ మీద ఒక్క మెరుపు రేణువు కనిపించినా పని కానట్టే. పెట్రోల్ మాత్రం వాడకండి, నిప్పంటుకునే ప్రమాదం.

కొన్ని బండ్లలో థర్మోస్టాట్ వాల్వు ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అది కూలర్‌కు దారి మూసేస్తుంది కాబట్టి దాన్ని తప్పించి నేరుగా కూలర్‌కే పైపు తగిలించండి. సన్నని పలకలు దగ్గర దగ్గరగా పేర్చిన కూలర్లు ఎంత కడిగినా పూర్తిగా శుభ్రపడవు. గేర్‌బాక్స్ లోపల పగిలి రజను వచ్చి ఉంటే అలాంటి కూలర్‌ను నేనైతే మార్చేస్తాను.

తక్కువ ప్రెషర్ గాలితో ద్రావకం చుక్క మిగలకుండా ఆరబెట్టి, కొత్త వాషర్లు, ఓ-రింగులు వేసి బిగించండి. తిరుగు పైపు చివర మాత్రం కొలత డబ్బాలో పెట్టి, మాన్యువల్ చెప్పిన ఆయిల్ నింపి, గేర్ లివర్‌ను పార్క్ (P)లో పెట్టి ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచండి. చాలా బండ్లలో 20 సెకన్లలో దాదాపు 1 లీటరు ఆగకుండా పారాలి. అంతకుమించి నడపకండి, గేర్‌బాక్స్ ఎండిపోతుంది. ధార సన్నగా వస్తే కూలర్ ఇంకా మూసుకునే ఉందన్నమాట. సరిగా వస్తే పైపు బిగించి, పోయినంత ఆయిల్ పోసి, మాన్యువల్‌లోని ఉష్ణోగ్రత దగ్గర లెవెల్ చూడండి.